పాత మోటారు సైకిలు: పెట్రోలు నడచు దారి



మా యిబ్రహీంపట్నము ప్రాంతమున తెల్లవాఱకమున్నే పాలక్యానులను, కూరగాయల మూటలను ఇరుప్రక్కల కట్టుకొని సాగరు రోడ్డు వెంబడి హైదరాబాదు నగరమునకు సాగిపోవు మోటారు సైకిళ్లు నిత్యము కనబడుచుండును. వానిలో క్రొత్తవియు గలవు. ఇరువది, ముప్పది యేండ్లు దాటి తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన పాతవియు గలవు. అట్టి పాతబండి యొకనాడు నడుమదారిలో దగ్గి, మూలిగి, నిలిచిపోవును. కిక్కు కొట్టి కొట్టి కాలు నొచ్చును. ఎండ యెక్కినచో పాలు విఱిగిపోవును. చీకటివేళ యైనచో రోడ్డుమీద దీపము లేక నిలిచిన బండి వెనుక వచ్చు లారీవానికి కనబడక ప్రాణాపాయమే కలుగవచ్చును.

మఱునాడు బండిని బాగుచేయించుటకు బయలుదేరుదుము. పనియందు శ్రద్ధగల మెకానిక్కు దొరికినచో మంచిదే. తొందరపాటువాడు దొరికినచో ముందు ప్లగ్గు మార్చును. పిమ్మట కాయిలు మార్చును. ఆ పిమ్మట కార్బురేటరే క్రొత్తది కావలెననును. సొమ్ము పోవును, దోషము మాత్రము మిగులును. తుదకు “ఇది ముసలిదైనది, పాత ఇనుమువానికి ఇచ్చివేయుద”మని ఇంటివారు నిశ్చయింతురు. ఆ బండికి వచ్చిన రోగమో, ట్యాంకి మూతకుండు ఆవగింజంత రంధ్రము పూడుకొనిపోవుట మాత్రమే కావచ్చును!

కావున నేటి ప్రసంగమున నేను చెప్పదలచిన మాట యొక్కటే. బండి యాగినపుడు వెంటనే ఏ భాగమును మార్పకుడు. పెట్రోలు ట్యాంకినుండి ఇంజనువఱకు నడచు దారిని మొదటినుండి తుదివఱకు వరుసగా వెంబడించి, అది ఏ మజిలీవఱకు వచ్చినది, ఎచట నిలిచినది కనుగొనుడు. రోగనిదానము తెలియక మందు పెట్టు వైద్యుని మనము మెచ్చుకొనము గదా! యంత్రమునకును అదియే న్యాయము.

ఇచట పాతబండి యనగా కార్బురేటరు గల బండి యని గ్రహింపవలయును. 1955 నుండి మద్రాసున తయారైన బుల్లెట్టు, 1960 తరువాత మైసూరునుండి వచ్చిన జావా, యెజ్డీలు, గ్రామములలో పాలవారు విరివిగా వాడిన రాజ్‌దూత్, 1985లో బయలుదేరిన హీరో హోండా, వీని తరువాత వచ్చిన పెక్కు బండ్లు ఈ జాతివే. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజి ఆఱవ నిబంధన లమలులోనికి వచ్చినపిమ్మట తయారైన బండ్లలో మిక్కిలి భాగమునకు కార్బురేటరు లేదు. వానిలో విద్యుత్తుతో నడచు చిన్నపంపు పెట్రోలును చిమ్మును. వానికి వేఱు పరీక్ష, వేఱు పనిముట్లు కావలయును. ఈ ప్రసంగము వానిని గుఱించినది కాదు.

ఇక పెట్రోలు దారి యెట్టిదో చూతము. గోలకొండను 1550 మొదలు 1580 వఱకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోయుచున్న మా యూరికి పెద్దచెఱువు ప్రసిద్ధమైనది. చెఱువు క్రింద సేద్యము చేసినవారికి ఈ యంత్రము తెలియుట కష్టము కాదు. బండి ట్యాంకియే చెఱువు. దాని యడుగున నున్న నల్లాయే తూము. రబ్బరు గొట్టమే కాలువ. కార్బురేటరు క్రింది చిన్నతొట్టి, పొలము దాపున నీరు నిలుపుకొను గుంట. ఆ తొట్టిలో తేలుచుండు బెండువంటి వస్తువును దానితోగూడిన సూదియు నీరటికాడు. తొట్టి నిండగానే బెండు పైకి లేచి సూదితో దారి మూయును. పెట్రోలు తగ్గగానే బెండు దిగి దారి తెఱచును. మిద్దెమీది నీళ్ల ట్యాంకిలో తేలెడి బంతి చేయు పనియు నిదియే.

ఇంతవఱకు పెట్రోలు పల్లమునకు పాఱు నీటివలెనే నడచును. ఇచటినుండి మాత్రము వేఱు ధర్మము కలదు. ఇంజనులోని పిస్టను క్రిందికి దిగునపుడు గాలి కార్బురేటరు గొంతుద్వారా వేగముగా లోనికి దూసికొనిపోవును. వేగముగా పోవు గాలికి ఒత్తిడి తగ్గునను సూత్రమును 1738లో బెర్నూలీ యను పండితుడు తన గ్రంథమున నిరూపించినాడు. గొంతులో ఒత్తిడి తగ్గగా, తొట్టిలోని పెట్రోలు జెట్టు అను సన్నని యిత్తడి రంధ్రముగుండ పైకి లేచి, తుంపరయై గాలితో కలియును. పూర్వము దోమలమందు చల్లిన ఫ్లిట్ పంపు ఈ సూత్రముననే పనిచేసినది. ఇట్లు తుంపర చేయు కార్బురేటరును జర్మనీదేశమున మేబాకు 1893లో నిర్మించెను. నేటికిని మన పాతబండిలో నున్నది దాని సంతతియే.

ఇందలి పాళ్లు గుఱుతుంచుకొనదగినవి. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును. అనగా ఒక లీటరు పెట్రోలునకు సుమారు 9,000 లీటర్ల గాలి! కావున పెట్రోలు తగ్గినను దోషమే, గాలి తగ్గినను దోషమే. మొదటిదానిలో ఇంజను ఆకలిగొని ఆగును. రెండవదానిలో అజీర్ణముతో నల్లని పొగ విడుచును.

బండి యాగినపుడు ప్రథమ పరీక్ష యిది. పెట్రోలు లోపమా, నిప్పురవ్వ లోపమా తేల్చుకొనవలయును. విద్యుత్తు లోపమున ఇంజను చాలవఱకు దీపమార్పినట్లు ఒక్కమాఱుగా ఆగును. పెట్రోలు లోపమున చమురు తీఱిన దీపమువలె కొంతసేపు కొట్టుకొని ఆఱును. మఱియు పది కిక్కులు కొట్టినపిమ్మట ప్లగ్గు విప్పి చూడుడు. ప్లగ్గు మొన పొడిగా నున్నచో పెట్రోలు లోనికి రాలేదు. తడిసి వాసన వేయుచున్నచో పెట్రోలు వచ్చినది. అయితే అది మితిమీఱి వచ్చి యుండవలయును, లేదా రవ్వ పుట్టకుండవలయును. నడచుచున్న బండిలో ప్లగ్గు లేత గోధుమవర్ణమున నున్నచో సమపాళము. మసివలె నల్లబడినచో పెట్రోలు హెచ్చు. సున్నమువలె తెల్లబడినచో పెట్రోలు తక్కువ.

ప్లగ్గు పొడిగా నున్నదనుకొందము. ఇక చెఱువునుండి బయలుదేరుదము.

మొదటి మజిలీ ట్యాంకి మూత. పెట్రోలు క్రిందికి దిగినకొలది దాని చోటికి పైనుండి గాలి చేరవలయును. నూనెడబ్బాకు ఒక్క రంధ్రమే పొడిచినచో నూనె గుటుకు గుటుకుమని ఆగి ఆగి వచ్చును. రెండవ రంధ్రము పొడిచినచో ధారగా వచ్చును. మన తల్లులందఱు ఎఱిగిన సంగతియే యిది. ట్యాంకి మూతలోని సన్నని రంధ్రము ఆ రెండవ రంధ్రము. అది దుమ్ముతోనో తుప్పుతోనో పూడినచో బండి కొన్ని కిలోమీటర్లు చక్కగా నడచి ఆగును. కొంతసేపు నిలిపినచో మరల నడచును, మరల ఆగును. పరీక్ష సులభము. ఆగినచోటనే మూత తెఱవుడు. ‘ఉస్సు’మని గాలి లోనికి పోయిన శబ్దము వినబడి, బండి వెంటనే నడచినచో దోషము మూతలోనిదే. మూత బిగించినపుడు ఆగుట, వదులుచేసినపుడు నడచుట: తర్కశాస్త్రమున దీనినే అన్వయవ్యతిరేకము లందురు. కారణమును పట్టుకొనుటకు ఇంతకంటె గట్టి సాక్ష్యము లేదు. ఆ రంధ్రమును శుభ్రపఱచుటకు రూపాయి ఖర్చు లేదు.

రెండవ మజిలీ నల్లా. దీనికి పెక్కు బండ్లలో మూడు స్థానములు గలవు: మూసినది, తెఱచినది, రిజర్వు. ట్యాంకిలోపల నల్లాకు రెండు దారులుండును. తెఱచిన స్థానమున పెట్రోలు కొంత యెత్తున నిలువబడిన గొట్టమునుండి వచ్చును. రిజర్వులో అడుగునుండి వచ్చును. చెఱువులో పైతూము, అడుగుతూము ఉన్నట్లే. చెఱువునకు ఒండ్రు పట్టినట్లు ట్యాంకి యడుగున తుప్పు, మట్టి, నీరు చేరును. కావున ఎన్నడును రిజర్వునకు త్రిప్పనివాడు ఒకనాడు త్రిప్పగానే ఆ కల్మషమంతయు కాలువ పట్టి క్రిందికి దిగును. రిజర్వునకు మార్చిన కొలదిసేపటికే బండి చెడినచో ఈ కారణమును ముందు శంకింపవలయును. నల్లాలోపల సన్నని జాలి యుండును. ఏడాదికొకమాఱు ట్యాంకిని ఖాళీచేయించి, ఆ జాలిని కడిగించుట మంచిది.

మూడవ మజిలీ గొట్టము. నల్లా మూసి, కార్బురేటరువద్ద గొట్టమును ఊడదీసి, గాజుసీసాలో నుంచి, నల్లా తెఱవుడు. ఇంజను చల్లాఱినపిమ్మటనే ఈ పని చేయవలయును. ధార తెగక వచ్చినచో ఇంతవఱకు దారి బాగున్నది. బొట్లుబొట్లుగా వచ్చినచో నల్లాయో, గొట్టమో, నడుమ అమర్చిన ఫిల్టరో పూడినది. వచ్చి, కొంతసేపటికి సన్నగిలినచో మరల మూతను చూడవలయును. గొట్టము మడతపడినదా, పగిలినదా, ఇంజనునకు తగిలి వేడికి మెత్తబడినదా పరిశీలింపుడు. సీసాను కదలక కొంతసేపు నిలిపి చూచినచో మఱియొక రహస్యము బయటపడును. పెట్రోలు నీటికంటె తేలిక. లీటరు తూకము సుమారు 740 గ్రాములు. కావున నీరు కలిసియున్నచో అది వేఱుపడి యడుగున గాజుబిళ్లవలె నిలుచును.

నాలుగవ మజిలీ తొట్టి. కొన్ని పాతబండ్లలో తొట్టిమీద చిన్న గుండీ యుండును. దానిని నొక్కినచో పెట్రోలు చిమ్మును. మఱికొన్నింటిలో అడుగున మర యుండును. దానిని వదులుచేసినచో పెట్రోలు కాఱును. గొట్టమునుండి ధార బాగుండి తొట్టిలోనికి పెట్రోలు రాకున్నచో సూది పట్టుకొనిపోయినది. ఇందుకు విపరీతముగా, తొట్టి పొంగి బండి క్రింద పెట్రోలు కాఱుచున్నచో సూది దారి మూయుట లేదు. దానిమొన అఱిగియుండును, లేదా నడుమ ఇసుకరేణువు చిక్కియుండును, లేదా బెండునకు చిల్లిపడి అది మునిగియుండును. స్క్రూడ్రైవరు పిడితో తొట్టిని మెల్లగా తట్టినచో చిక్కిన రేణువు ఒక్కొక్కప్పుడు వదలును. బెండును విప్పి చెవివద్ద నుంచి ఊపినచో లోపల ద్రవము చప్పుడైన చిల్లిపడినదని యర్థము. ఇత్తడి బెండు నైనచో పొయ్యికి దూరముగా నుంచిన వేడినీటిలో ముంచి, బుడగ లెచటినుండి వచ్చునో చూచి చిల్లిని గుర్తింపవచ్చును. నీరటికాడు నిద్రించిన మడి మునుగును. ఎండినను అతనిదే పూచీ!

ఐదవ మజిలీ జెట్లు. ఇవి సాధారణముగా రెండు. బండి నిలుకడగా మెల్లగా తిరుగునపుడు పనిచేయునది చిన్నజెట్టు. యాక్సిలరేటరు బాగుగా త్రిప్పినపుడు పనిచేయునది పెద్దజెట్టు. నెలలకొలది నడపక నిలిపిన బండిలో పెట్రోలులోని తేలికభాగము ఆవిరియైపోయి, మిగిలినది లక్కవలె జిగురై రంధ్రములను పూడ్చును. రాజ్‌దూత్, యెజ్డీల వంటి బండ్లకు పెట్రోలుతో నూనె కలుపుట గలదు గనుక వానిలో ఈ జిగురు మఱింత చేరును. చోకు లాగినప్పుడే బండి నడచి, విడువగానే ఆగినచో చిన్నజెట్టును శంకింపుడు. మెల్లగా చక్కగ నడచి, వేగము పెంచినపుడు మాత్రమే నీరసించినచో పెద్దజెట్టునో, తొట్టిలోనికి చాలినంత రాకుండుటనో శంకింపుడు. ఈ రంధ్రములు మిల్లీమీటరులోని కొద్దిపాలు వెడల్పు గలవి. తీగెతోను, పిన్నుతోను పొడుచుట మహాదోషము. మెత్తని యిత్తడి యొరసికొని రంధ్రము పెద్దదగును. ఆ పిమ్మట బండి యెన్నటికిని మునుపటి మైలేజి నియ్యదు. కార్బురేటరు కడుగు మందులో నానబెట్టి, పంక్చరు దుకాణములోని గాలితో ఊదించుట సరియైన పద్ధతి. ఊదునపుడు కన్నులకు అద్దము లుండవలయును.

ఆఱవది గాలివైపు. గాలి వడపోయు ఫిల్టరు దుమ్ముతో నిండినచో నల్లపొగ వచ్చి మైలేజి పడిపోవును. కార్బురేటరునకును ఇంజనునకును నడుమ నున్న రబ్బరు పగిలినచో దొంగగాలి చొరబడి ఇంజను వేడెక్కును. యాక్సిలరేటరు విడిచినను వేగము దిగదు. అనుమానమున్న చోట కొంచెము నీరు చల్లినపుడు ఇంజను ధ్వని మాఱినచో పగులు అచటనే గలదు.

ఇంతవఱకు చెప్పినది నలువదియేండ్ల క్రిందటి మెకానిక్కునకును తెలిసినదే. నేడు దీనికి క్రొత్తసంగతి యొకటి చేరినది. పెట్రోలులో ఇథనాలును కలుపుచున్నారు. ఇది చెఱకు మడ్డినుండి, నూకలనుండి, మొక్కజొన్నలనుండి తీయు సారాయిజాతి ద్రవము. విదేశపు చమురునకు పోవు సొమ్మును తగ్గించుటయు, రైతు పంటకు గిరాకి కల్పించుటయు దీని యుద్దేశము. 2022 నాటికి నూటికి 10 పాళ్లు కలిసినది. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్లు కలిసిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది.

దీనివలన పాతబండికి నాలుగు మార్పులు కలుగును. మొదటిది, ఇథనాలులో శక్తి తక్కువ గనుక లీటరునకు నూటికి 6, 7 పాళ్ల శక్తి తగ్గును. మైలేజి కొంత తగ్గినచో ఆశ్చర్యపడనక్కఱలేదు. రెండవది, ఇథనాలునకు గాలి తక్కువ చాలును. పాతజెట్టు పాతకొలతనే యిచ్చుచుండగా మిశ్రమము కొంచెము పలుచనగును. మూడవది, వానకాలమున ఉప్పు తేమను పీల్చినట్లు ఇథనాలు నీటిని పీల్చును; నీరు మితిమీఱినచో ఇథనాలు నీటితోగూడి పెట్రోలును విడిచి యడుగునకు దిగును. అట్టి బండిని రిజర్వునకు త్రిప్పుట యెట్టి చిక్కో మీకిపుడు తెలియును. నాలుగవది, పాతకాలపు రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికి ఉబ్బియో బిఱుసెక్కియో పగులవచ్చును. కొన్ని పాతబండ్లలో రబ్బరు భాగములను ముందుగా మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియము మంత్రిత్వశాఖవారే 2025లో తెలిపియున్నారు.

ఇందుకు భయపడి బండి నమ్ముకొననక్కఱలేదు. ఇథనాలునకు తాళునట్టి క్రొత్తగొట్టమును, వాషర్లను వేయించుడు. ట్యాంకిలోని పాతమురికిని ఇథనాలు కరగించి దింపును గనుక మొదట కొన్నిమాఱులు ఫిల్టరును త్వరగా మార్చుడు. ట్యాంకిని సగము ఖాళీగా వానలో నిలుపకుడు. మూతక్రింది రబ్బరు చెడినచో వాననీరు నేరుగా లోనికి దిగును, దానిని మార్పించుడు. నెలకు మించి బండిని నిలుపవలసినచో నల్లా మూసి, ఇంజను తనంత నాగువఱకు నడపి తొట్టిని ఖాళీచేయుడు.

ఇక మిక్కిలి ముఖ్యమైన మాట. పెట్రోలు నీరువంటిది కాదు. దాని యావిరి గాలికంటె బరువైనది. కంటికి కనబడక నేలవెంట ప్రాకి, దూరముననున్న దీపమునో పొయ్యినో చేరి మంటను వెనుకకు తెచ్చును. ట్యాంకిలో ఎంత యున్నదో చూచుటకు అగ్గిపుల్ల గీచుట ప్రాణాంతకము. తొట్టి విప్పునపుడు బీడీ, చుట్ట ఆ ప్రక్కకు రాగూడదు. పెట్రోలు కాఱినచోట ప్లగ్గునకు రవ్వ వచ్చునో లేదో పరీక్షింపకుడు. మంట పుట్టినచో నీరు చల్లక ఇసుకనో పొడిమట్టినో కప్పుడు.

గొట్టమును నోటితో పీల్చి పెట్రోలు తీయు నలవాటు కుఱ్ఱవాండ్రలో గలదు. పొఱపాటున అది ఊపిరితిత్తులలోనికి పోయినచో తీవ్రమైన వాపు కలిగి ప్రాణము తీయవచ్చును. మ్రింగినవానిచే వాంతి చేయింపరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలయును. త్రాగునీటి సీసాలో పెట్రోలు నింపి యింటిలో నుంచుట వలన పసిబిడ్డలు దాహమునకు త్రాగు ప్రమాదము గలదు. ఇట్టివానిని వారించు నధికారము ఇంటి పెద్దలకు గలదు. ఆ యధికారమును వాడుడు.

ఆర్యులారా! పానా పట్టి బండి విప్పుడని నేను మీతో చెప్పుటలేదు. బండి నిలిచినపుడు దానిని ముందుగా రోడ్డు దించి ప్రక్కకు చేర్పుమని, పిమ్మట మూత, నల్లా, గొట్టము, తొట్టి, జెట్లు, గాలి అను వరుసను చూడుమని మీ కొడుకులకు, మనుమలకు చెప్పగలరు. మెకానిక్కు వద్దకు పోయినపుడు “బండి చెడినది” అని మాత్రమే యనక, “గొట్టమువఱకు ధార వచ్చుచున్నది, తొట్టిలోనికి రాలేదు” అని చెప్పగలరు. ఆ మాట విన్న మెకానిక్కు సూదినే విప్పును గాని కాయిలు మార్పడు. పంట యెండినపుడు చెఱువును పూడ్చి క్రొత్తచెఱువు త్రవ్వుదమని ఏ రైతును అనడు. తూమునుండి మడివఱకు కాలువ వెంట నడచి, గండి యెచటనో చూచి, పారతో మట్టి యెత్తును. పాతబండికిని ఆపాటి యోర్పు చూపినచో అది మఱి కొన్నేండ్లు మన పాలను, మన కూరగాయలను, మన బిడ్డలను క్షేమముగా గమ్యము చేర్చును.